ఈ కల దేవుడిచ్చిందేనా? నోట్‌బుక్‌లో రెండు పేజీలతో తేల్చుకోవడం

ముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు, కాగితమే కావాలి, ఎందుకో తర్వాత చెప్తాను. తెరవగానే ఎడమవైపు ఒక పేజీ, కుడివైపు ఒక పేజీ ఉంటాయి కదా. ఎడమ పేజీ పైన "నా దగ్గరికి దేనికోసం వస్తారు" అని రాయండి. కుడి పేజీ పైన "నేను ఏం కోరుకుంటున్నాను" అని రాయండి. ఈ రెంటినీ ఒకే పేజీలో కలపొద్దు. నేను 11 ఏళ్ళు కలిపేశాను. నాకున్న వరమూ, నాకున్న కలా ఒకటే అనుకున్నాను. వేరని తెలిసేసరికి చాలా ఏడ్చాను. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

నా కల పాటలు. ఆరాధనలో పాడుకునే పాటలు రాయాలి, అవి రికార్డు కావాలి, నాకు తెలియని సంఘాల్లో నాకు తెలియని మనుషులు కళ్ళు మూసుకుని పాడాలి. 19 ఏళ్ళప్పుడు మొదలుపెట్టాను. ముప్ఫై వచ్చేసరికి 62 పాటలయ్యాయి. ప్రతి రాత్రీ అడిగేదాన్ని, "ప్రభువా, ఇది నీ చిత్తమేనా?" అని. ఒకరోజు జవాబు వచ్చేసినట్టు ఉండేది, మర్నాటికి ఏమీ రానట్టు ఉండేది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

ఎడమ పేజీ

నాలుగు వారాల పాటు రోజూ పడుకునే ముందు ఎడమ పేజీలో ఒక్క లైను రాయండి. ఆ రోజు ఎవరు, ఏ పనికి మీ దగ్గరికి వచ్చారు, మీరు చేశాక వాళ్ళకి ఏమైంది. అంతే. "నేను బాగా బోధిస్తాను", "నాకు నాయకత్వ లక్షణాలున్నాయి" లాంటివి రాయొద్దు. మన గురించి మనం అనుకునేది ఈ పేజీలోకి రాకూడదు.

పొగడ్తనీ మేలునీ వేరుగా చూడండి. "ఎంత బాగా పాడావమ్మా" అన్నది పొగడ్త. "నువ్వు ఆ మాట అన్నాక ఇంటికెళ్ళి మా అన్నయ్యకి ఫోన్ చేశాను, ఆరేళ్ళ తర్వాత" అన్నది మేలు. పొగడ్త రాస్తే పక్కన చిన్న చుక్క పెట్టండి, లెక్కపెట్టేటప్పుడు దాన్ని వదిలేయాలి. 1 కొరింథీ 12:7లో పౌలు చెప్పింది ఇదే. ఆత్మ ప్రత్యక్షత, అంటే పరిశుద్ధాత్మ పని ఒకరిలో కనబడడం, ప్రతివానికీ ఇచ్చింది "అందరి ప్రయోజనము కొరకు". కాబట్టి నాకు ఏ వరం ఉందో నా లోపల తవ్వుకుంటూ కూర్చుంటే తెలియదు. ప్రయోజనం పొందినవాళ్ళ దగ్గర వెతకాలి.

నా మొదటి నాలుగు వారాల్లో 19 లైన్లు వచ్చాయి. ఎవరూ రాని రోజుల్ని ఖాళీగానే వదిలాను. పాటల గురించి రెండే లైన్లు, రెంటి పక్కనా చుక్క ఉంది. 11 లైన్లు మాత్రం ఒకే రకం పని. ఒకరికి దరఖాస్తు రాసిపెట్టాను. ఒకరికి, తండ్రిని పోగొట్టుకున్న స్నేహితుడికి ఏమని మెసేజ్ పెట్టాలో తెలియలేదు. ఒక తమ్ముడు బాప్తిస్మానికి ముందు సాక్ష్యం చెప్పాలి, నలుగురిలో నిలబడితే మాట పెగలదు, కూర్చోబెట్టి అడిగి అడిగి అతని మాటల్లోనే కాగితం మీద పెట్టించాను. అప్పటిదాకా వీటిని నేను లెక్కలోకే తీసుకోలేదు. పాట కోసం రాత్రులు మేలుకునేదాన్ని, ఇవి మాత్రం అడిగిన పావుగంటలో అయిపోయేవి. అంత సులువుగా అయ్యేదాన్ని వరమని ఎలా అనుకుంటాం?

వాటిల్లో ఒకటి దగ్గరగా చూపిస్తాను. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేవారు, డెబ్భై దాటాయి, చదువు రాదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా బెంచీ మీదే కూర్చుని, "అమ్మా, మా వాడికి ఒక ఉత్తరం రాసిపెట్టాలి" అన్నారు. కొడుకు మాట్లాడడం మానేసి ఎనిమిదేళ్ళు. తెల్లకాగితం తనే తెచ్చుకున్నారు, నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకున్నారు. మడతల దగ్గర అది అప్పటికే నలిగి గుడ్డలా మెత్తబడింది. ఎన్నాళ్ళుగా మోస్తున్నారో. ఏం రాయమంటారని అడిగితే, "క్షమించమని రాయి తల్లీ" అన్నారు. నేను రాయలేదు. "దేనికి?" అని అడిగాను. చాలాసేపు తన చేతులు చూసుకున్నారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు, వాడి పెళ్ళిలో నలుగురి ముందు తన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట గురించి. గంటన్నర పట్టింది. చివరికి కాగితం మీదకి వచ్చింది తొమ్మిది వాక్యాలు, అన్నీ ఆవిడ మాటలే, నేను ఏదీ దిద్దలేదు. చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. మూడోసారి చదువుతుంటే నాలుగో వాక్యం నాకంటే ముందే తనే అనేశారు. అక్షరం రాని ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని, ఆ లైన్ల మీద బొటనవేలు ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుకుంటూ వెళ్ళారు. "ఇది నా గొంతే" అన్నారు.

ఆ రాత్రి ఎడమ పేజీలో "ఉత్తరం. తొమ్మిది వాక్యాలు. ఇది నా గొంతే అన్నారు" అని రాశాను. పక్కన చుక్క పెట్టలేదు.

తలాంతు అనే మాట గురించి

బాగా పాడేవాళ్ళని చూసి మనం "మంచి తలాంతు" అంటాం. ఆ మాట మత్తయి 25లోని ఉపమానం నుంచి వచ్చిందే, కానీ అక్కడ తలాంతు అంటే డబ్బు. ఒక తలాంతు 6,000 దేనారాలు, దేనారం ఒక కూలివాడి రోజు కూలి. అంటే ఒక్కటే తలాంతు అందుకున్నవాడి చేతిలో కూడా ఒక మనిషి ఇరవై ఏళ్ళ దాకా పడే కష్టం ఉంది. "నాకు ఒక్కటే ఇచ్చాడు" అని కుమిలిపోయేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. 15వ వచనం ఇంకో మాట కూడా చెప్తుంది, యజమాని "ఎవని సామర్థ్యము చొప్పున వానికి" ఇచ్చాడట. సామర్థ్యం ముందే ఉంది, దాన్ని చూసి తలాంతు అప్పగించాడు. అందుకని నేను ఈ ఉపమానం చదివినప్పుడల్లా నా గొంతు గురించో కలం గురించో ఆలోచించను. నా చేతికి వచ్చినవన్నీ గుర్తు చేసుకుంటాను: సమయం, నన్ను నమ్మి వచ్చిన మనుషులు, బెంచీ మీద కూర్చున్న ఆ పెద్దావిడ.

కృపావరాల జాబితాల గురించి కూడా కొంచెం. రోమా 12:6-8లో ఏడు, 1 కొరింథీ 12:8-10లో తొమ్మిది, ఎఫెసీ 4:11లో సంఘానికి ఇచ్చిన మనుషులు ఉన్నారు. ఏ రెండు జాబితాలూ ఒకేలా లేవు. ప్రశ్నలకి టిక్కులు పెడితే మీ వరం ఇదీ అని చెప్పే ఫారాలు నేను మూడుసార్లు నింపాను, మూడుసార్లూ వేరే వేరే జవాబు వచ్చింది. వాటి మీద జీవితం కట్టుకోవద్దు. పైగా జాబితాల్లో లేనిది వరం కాదనుకుంటే బెసలేలుని ఎక్కడ పెడతాం? నిర్గమకాండం 31లో దేవుడు "దేవుని ఆత్మతో నింపాను" అని పేరు పెట్టి చెప్పిన ఆ మనిషి ప్రసంగించలేదు. బంగారం, వెండి, ఇత్తడి పని, రత్నాలు సానబెట్టడం, చెక్క చెక్కడం చేశాడు. అతనికీ, తోటి పనివాడు అహోలీయాబుకీ ఇతరులకి నేర్పే మనసు కూడా ఇచ్చాడని 35వ అధ్యాయంలో ఉంది. మీ ఎడమ పేజీలో లెక్కలు సరిచూడడం, రోగి పక్కన రాత్రంతా కూర్చోవడం, పాడైపోయిన మోటారు బాగుచేయడం లాంటివి ఎక్కువ కనబడితే "ఇది ఆత్మీయమైన పని కాదు కదా" అని కొట్టేయకండి.

విలియం విల్బర్‌ఫోర్స్ ఇక్కడే తడబడ్డాడు. 1785లో రక్షణ అనుభవంలోకి వచ్చినప్పుడు అతనికి 26 ఏళ్ళు, అప్పటికే బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు. దేవుణ్ణి సేవించాలంటే రాజకీయాలు వదిలి బోధకుడు కావాలేమో అనుకుని, ఎవరి కంటా పడకుండా జాన్ న్యూటన్ దగ్గరికి వెళ్ళాడు. న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకి కెప్టెన్, తర్వాత పాస్టర్. ఉన్నచోటే ఉండమన్నాడు. విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో పోరాడగా బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో వచ్చింది, ఆ మాట జరిగిన 21 ఏళ్ళు దాటాక.

ముందే చెప్పేసినవి

దీని మీద ఎక్కువ రాయను. దేవుని చిత్తం ఇదీ అని బైబిలు సూటిగా చెప్పినచోట్లు ఉన్నాయి. 1 థెస్సలొనీక 4:3లో మనం పరిశుద్ధులు కావడం, 5:18లో ప్రతి విషయంలో కృతజ్ఞతలు చెప్పడం. వీటి కోసం ఉపవాసం ఉండి జవాబు అడగక్కర్లేదు. మీ కల నెరవేరాలంటే అబద్ధం చెప్పాల్సి వస్తే, ఒకరి హక్కు లాక్కోవాల్సి వస్తే, ఇంట్లో మీ మీద ఆధారపడినవాళ్ళని గాలికి వదిలేయాల్సి వస్తే, ఆ దారి గురించి ప్రార్థన చేయడం ఆపేయండి. అది మూసి ఉన్న దారే.

ప్రార్థన ఎక్కడ మొదలవ్వాలంటే, రోమా 12లో ఏది ముందుందో చూడండి. మొదటి వచనంలో శరీరాన్ని సజీవయాగంగా అప్పగించడం, రెండో వచనంలో దేవుని చిత్తమేదో పరీక్షించి తెలుసుకోవడం. నేను ఏళ్ళ తరబడి తిరగేసి అడిగాను. ముందు చెప్పు ప్రభువా, విన్నాక చూస్తాను అన్నట్టు. యోహాను 7:17లో యేసు చెప్పింది కూడా ఆయన చిత్తం చేయడానికి మనసు పెట్టుకున్నవాడికే తెలుస్తుందని. ఇప్పుడు నేను చేసేది ఇది: మోకరించి, రెండు అరచేతులు పైకి చాపి, నోట్‌బుక్ వాటి మీద పెట్టుకుంటాను. వేళ్ళు మూయను. పది నిమిషాలు. చేతులు నొప్పెట్టడం మొదలవగానే వేళ్ళు వాటంతట అవే మూసుకోవాలని చూస్తాయి, మళ్ళీ తెరుస్తాను. నా కల విషయంలో నా మనసు చేసేది కూడా అచ్చం అదే.

కుడి పేజీ

ఇక కల. దీన్ని ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. "దేవుని కోసం ఏదైనా గొప్ప పని చేయాలి" అంటే అది కల కాదు, దాన్ని ఎవరూ పరీక్షించలేరు. ఎవరి కోసం, ఏ పని, ఎక్కడ, అందులో మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు, అన్నీ రాయండి. కింద తారీఖు వేయండి. మూడు నెలలకోసారి పాతది చూడకుండా మళ్ళీ రాయండి. రాశాక పాతదానితో పోల్చండి. కాగితం కావాలని అన్నది ఇందుకే. ఫోన్‌లో అయితే పాతది చెరిపేసి సర్దుకుంటాం. కాగితం మీద కొట్టేసినా కనబడుతూనే ఉంటుంది. నా మొదటి పేజీలో "వేలమంది" అన్న మాట రెండుసార్లుంది, "యేసు" అన్న పేరు ఒక్కసారి కూడా లేదు. అది నా దస్తూరీయే. ఎవరో చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

తర్వాత అదే కలని "నేను", "నా" అన్న మాటలు తీసేసి రాయండి. నాది ఇలా మిగిలింది: "కొత్త పాటలు సంఘాల్లో పాడుకోవాలి." చదివి మీ మనసు ఏమంటుందో నిజాయితీగా గమనించండి. ఇంకొకరి చేత ఇది జరిగితే సంతోషమేనా?

నాకు ఈ పరీక్ష కాగితం మీద కాదు, మనిషి రూపంలో వచ్చింది. మా సంఘంలో 18 ఏళ్ళ అమ్మాయి ఒకరోజు వచ్చి, "అక్కా, ట్యూన్ వచ్చింది, మాటలు రావట్లేదు" అని గొంతు తగ్గించి ఆ ట్యూన్ వినిపించింది. రెండో చరణం దగ్గర అది ఒక మెట్టు పైకి ఎక్కి అక్కడే ఆగుతుంది, దిగదు. అలాంటిది నా 62 పాటల్లో ఒక్కదానిలోనూ లేదు. నాకు కడుపులో భగ్గుమంది. బాగుందని చెప్పి పంపేశాను. ఇంటికొచ్చి కుడి పేజీలో "అసూయ" అని రాశాను, ఆ ఒక్క మాటే.

ఆ వారాల్లో బైబిల్లో దావీదు రాజు దగ్గర ఆగిపోయాను. తను దేవదారు మ్రాను ఇంట్లో ఉంటూ దేవుని మందసం (ఆయన ఆజ్ఞల పలకలున్న పెట్టె) డేరాలో ఉండడం చూసి తట్టుకోలేక మందిరం కట్టాలనుకున్నాడు. మంచి కల, దేవుని మీద ప్రేమతో వచ్చిన కల. అయినా కాదన్నాడు దేవుడు, నీ కొడుకు కడతాడన్నాడు. ఆ ఉద్దేశం దావీదు హృదయంలో ఉండడం మంచిదేనని దేవుడు అన్నట్టు 1 రాజులు 8:18లో ఆ కొడుకు సొలొమోను గుర్తు చేసుకుంటాడు. మంచిదే, కానీ నీది కాదు. ఈ రెండు మాటలూ ఒకే నోట రాగలవని నాకు అప్పటిదాకా తెలియదు. కల మంచిదైతే నాదే అయ్యుంటుంది, నాది కాకపోతే అది చెడ్డదై ఉంటుంది అనుకునేదాన్ని.

మరి దావీదు అలిగి కూర్చున్నాడా? 1 దినవృత్తాంతములు 22:14 చూడండి: లక్ష తలాంతుల బంగారం, పది లక్షల తలాంతుల వెండి, తూయలేనంత ఇత్తడి, ఇనుము, మ్రానులు, రాళ్ళు. 28వ అధ్యాయంలో మందిరపు నమూనా సొలొమోను చేతికి ఇస్తాడు, గదుల లెక్కతో సహా. తను అడుగు పెట్టని మందిరం కోసం, తన పేరు ఉండని మందిరం కోసం. కుడి పేజీలోని ప్రతి కలనీ నేను ఇప్పుడు దీనితోనే పరీక్షిస్తాను: ఇది ఇంకొకరు కడితే నేను మ్రానులు మోసుకొచ్చి ఇవ్వగలనా? ఇవ్వగలనంటే ఆ కలలో ప్రేమ ఉంది, దాన్ని దేవుడు ఎలా వాడుకున్నా పరవాలేదు. చేతులు రావట్లేదంటే అందులో ఇంకేదో కలిసింది. దాన్ని ముందు ఆయన దగ్గర ఒప్పుకోవాలి, ఆ తర్వాతే దేవుని చిత్తమా కాదా అన్న ప్రశ్న.

నాకు చేతులు రావడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత ఆ అమ్మాయిని పిలిచి నా పాటల పుస్తకం ఇచ్చాను. ఏ లైను కావాలంటే ఆ లైను వాడుకో, నా పేరు వేయక్కర్లేదు అన్నాను. 38వ పాటలోంచి ఒక లైను తీసుకుంది. ఒక్కటే. మిగతా మాటలు తనే రాసుకుంది, రాస్తున్నంతసేపూ నేను పక్కన కూర్చుని అడుగుతూ ఉన్నాను, "ఇది ఎవరితో అంటున్నావు? ఏ రోజు గుర్తొచ్చి అంటున్నావు?" అని. ఆ పాట మొదటిసారి పాడిన ఆదివారం నేను మూడో వరుసలో ఉన్నాను. ఆ ట్యూన్ మెట్టెక్కి ఆగిన చోట నా లైను వచ్చింది. గొంతెత్తి పాడాను.

గుర్తులు, సమాధానం, తెరుచుకున్న తలుపులు

"మనసులో సమాధానం ఉందా?" అని మనం ఒకరినొకరం అడుగుతాం. మంచి ప్రశ్నే కానీ అదొక్కటీ చాలదు. యోనా దేవుని మాట వినకుండా పారిపోతూ, తుఫానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. యేసు తండ్రి చిత్తానికి లోబడుతూ గెత్సేమనేలో వేదనతో ప్రార్థించాడు. నిద్ర పట్టిందా లేదా అన్నదాన్ని బట్టి చూస్తే యోనా వెళ్ళే దారే సరైనది అయిపోతుంది. తెరుచుకున్న తలుపుల సంగతీ అంతే. యొప్పేకి వెళ్ళగానే యోనాకి తర్షీషుకి వెళ్ళే ఓడ సిద్ధంగా దొరికింది, చేతిలో ఓడ చార్జీకి డబ్బులు కూడా ఉన్నాయి.

మూసుకున్న తలుపులు ఎలా ఉంటాయో అపొస్తలుల కార్యములు 16లో ఉంది. పౌలు బృందానికి ఆసియాలో (ఖండం కాదు, ఇప్పటి టర్కీ పడమర వైపున్న అప్పటి రోమా రాష్ట్రం) వాక్యం చెప్పే దారి మూసుకుంది, బితూనియకీ వెళ్ళనివ్వలేదు. త్రోయలో మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడి రమ్మన్నాడు. అప్పుడు పౌలు ఒక్కడే తేల్చేయలేదు, మేము నిశ్చయించుకున్నాం అని రాశాడు లూకా. తీరా ఫిలిప్పీ చేరితే ఎదురైంది ఆ మనిషి కాదు, నది ఒడ్డున కూర్చున్న స్త్రీలు. మొదట నమ్మిన లూదియ ఊరు తుయతైర, అది ఆసియాలోనే ఉంది. ఆ తర్వాత దెబ్బలు, చెరసాల. దేవుని చిత్తంలో నడిస్తే అన్నీ సాఫీగా అవుతాయనుకునేవాళ్ళు ఈ అధ్యాయం మొత్తం ఒకేసారి కూర్చుని చదవాలి.

బైబిలు కళ్ళు మూసుకుని తెరిచి వేలు పెట్టడం, "ఈ రోజు ఫోన్ వస్తే నీ చిత్తం" అనడం నేనూ చేశాను. గిద్యోను ఉన్నిబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా అంటారు. గిద్యోనుకి ఏం చేయాలో దేవుడు అప్పటికే చెప్పేశాడు, భయం తీరక పరిచాడు. దేవుడు ఓర్చుకున్నాడు. ఆయన ఓర్చుకున్నాడు కాబట్టి అదే పద్ధతి అనుకోవద్దు.

ఎవరిని అడగాలి

నా 24వ ఏట ఒక కూడికలో, బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు అందరి ముందు నా తల మీద చెయ్యి పెట్టి, నా పాటలు దేశాలు దాటుతాయని దేవుడు తనతో చెప్పాడన్నాడు. ఆ మాట పట్టుకుని నాలుగేళ్ళు ఎదురుచూశాను. ఉద్యోగంలో ఒక మంచి ట్రైనింగ్ వస్తే, ఏ క్షణమైనా పిలుపు వస్తుందని వదులుకున్నాను. ఆయన మళ్ళీ కనబడలేదు, నా పేరు కూడా ఆయనకి గుర్తుండి ఉండదు. నాకు ఆ నాలుగేళ్ళు నిజంగా నష్టమే. ప్రవచనాన్ని తృణీకరించమని నేను చెప్పను, 1 థెస్సలొనీక 5:20 వద్దంటుంది. కానీ వెంటనే 21వ వచనం సమస్తాన్నీ పరీక్షించమంటుంది. నాతాను కంటే నమ్మకమైన ప్రవక్త ఎవరు? ఆయన కూడా దావీదుతో మొదట "నీ మనసులో ఉన్నదంతా చెయ్యి" అనేశాడు. ఆ రాత్రే దేవుడు సరిదిద్దాడు, మర్నాడు వెళ్ళి దావీదుతో వేరే మాట చెప్పాల్సి వచ్చింది. కాబట్టి ఎవరైనా మీ గురించి మాట ఇస్తే తారీఖు వేసి కుడి పేజీలో రాసుకోండి, దేవునికి ధన్యవాదాలు చెప్పండి, రేపటి పని రేపు చేయండి. అది ఆయన మాటే అయితే మీరు ఉద్యోగంలో ఉన్నంత మాత్రాన ఆగిపోదు.

అడగాల్సింది ముందు మీతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళని. నేను మా ఆయన్ని చాలా ఆలస్యంగా అడిగాను. కాసేపు ఆలోచించి అన్నాడు, "పాట రాసే రోజుల్లో నువ్వు నాతో మాట్లాడవు. ఎవరికైనా ఉత్తరం రాసిపెట్టిన రోజు వచ్చి నా పక్కన కూర్చుంటావు." ఏ బోధకుడూ నాకు అంత ఉపయోగపడే మాట చెప్పలేదు. ఆ తర్వాత, మీ పని వల్ల మేలు పొందిన ఒకరిని అడగండి. మీకు నచ్చనిది మొహం మీదే చెప్పగల ఒకరిని అడగండి. "ఇది దేవుని చిత్తమంటారా?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అవుననేస్తారు. "నేను ఏ పని మానేస్తే మీకు లోటుగా ఉంటుంది?" అని అడగండి. మీ పాస్టర్ గారినీ అదే అడగండి. అంతియొకయ సంఘం బర్నబానీ సౌలునీ (అంటే పౌలునీ) పంపినప్పుడు (అపొ. 13) వాళ్ళు అప్పటికే అక్కడ పనిచేస్తూ ఉన్నారు, సంఘానికి వాళ్ళ పని తెలుసు.

మూడు నెలలు చేసి చూడండి

ఎడమ పేజీలో ఏ పని ఎక్కువ కనబడిందో అది వారానికి రెండు గంటలు, మూడు నెలలు చేయండి. పదవి, ప్రకటన ఏవీ వద్దు. ముగిసే తారీఖు ముందే రాసుకోండి. మధ్యలో మానేయొద్దు, ముఖ్యంగా నీరసంగా ఉన్న రోజుల్లో. మనసు చీకటిగా ఉన్నప్పుడు, వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దని 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్రైస్తవ గురువు రాశాడు. నేను దాన్ని ఇంకా సులువు చేసుకున్నాను: రాత్రి పది దాటాక ఏ నిర్ణయమూ తీసుకోను. గడువు అయ్యాక రెండు పేజీలూ పక్కపక్కన చదవండి. ఎవరికి మేలు జరిగింది, ఇంట్లోవాళ్ళ మీద ప్రేమ పెరిగిందా తగ్గిందా, ఎవరికీ తెలియకపోయినా ఈ పని చేస్తానా అని చూసుకోండి.

కల మాట ఏమిటి, వదిలేయాలా అంటే, అది తేలేలోపు ఏం చేయాలో యోసేపుని చూడండి. కలలు వచ్చినప్పుడు 17 ఏళ్ళు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30. ఆ మధ్య తన కల నెరవేర్చుకోవడానికి అతను చేసిందేమీ రాసి లేదు. చెరసాలలో ఒక ఉదయం ఇద్దరు ఖైదీల మొహాలు వాడిపోయి ఉండడం గమనించి, ఎందుకలా ఉన్నారని అడిగాడు. తన కలల సంగతి తేలకుండానే వాళ్ళ కలల భావం చెప్పాడు. ఆ అడగడం వల్లే చివరికి ఫరో దగ్గరికి దారి పడింది, అది కూడా ఆ ఇద్దరిలో ఒకడైన పానదాయకుడు (రాజుకి ద్రాక్షారసం అందించేవాడు) రెండేళ్ళు మర్చిపోయాక. నేను ఆ వచనం చదివిన ప్రతిసారీ ఆగేది కల దగ్గర కాదు, ఆ ప్రశ్న దగ్గర. తన కల నెరవేరనివాడికి ఎదుటివాడి మొహం కనబడడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు శనివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మా మందిరం వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటాను. రాయలేనివాళ్ళు, మాట దొరకనివాళ్ళు వస్తారు. పోయిన వారం ముగ్గురు వచ్చారు. అందులో ఒకాయన అరగంట కూర్చుని ఏమీ చెప్పకుండా లేచి, వచ్చే వారం వస్తానన్నాడు. ఆ అమ్మాయి కొత్త ట్యూన్లు తెస్తూనే ఉంది. ఆ పెద్దావిడ కొడుకు జవాబు రాశాడో లేదో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కుడి పేజీలో పాటల కల ఇంకా ఉంది, కొట్టేయలేదు. ఈసారి రాసినప్పుడు రెండే లైన్లయింది. కింద, మళ్ళీ తెరవాల్సిన తారీఖు వేశాను: జూన్ 30.